జమ్మలమడుగు ఫైలు, పులివెందుల ల్యాబు

2023 వేసవి. ప్రొద్దుటూరులో కంప్యూటర్ సర్వీసు పనిలో చేరి అప్పటికి నాకు పదకొండేళ్లు. పులివెందులలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ రిపోర్టులు డాక్టరు కంప్యూటరుకు చేరడం లేదని ఫోన్ వచ్చింది. ముందురోజే మా కంపెనీ ఇంజినీరు అక్కడ యాంటీవైరస్ అప్‌గ్రేడ్ చేసి వచ్చాడు.

నేను వెళ్లేసరికే తీర్పు అయిపోయింది. ల్యాబ్ టెక్నీషియన్ గ్రేస్ ఏదో నొక్కి పాడుచేసిందని, రేపటి నుంచి రావద్దని చెప్పేశారు.

"నేనేం ముట్టుకోలేదన్నా. పొద్దున వచ్చేతలికే ఇట్లుండాది. రిపోర్టులు చేత్తో రాసి మోస్తాండా," అంది గ్రేస్. లింగాల నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"మీ ఇంజినీరే ఫోన్లో చెప్పినాడప్పా, ఆయమ్మే ఏందో కెలికింటాదని," అన్నాడు మేనేజరు.

నాకు ఒళ్లు మండింది. కంప్యూటరు ముఖం చూడకుండానే తప్పు ఎవరిదో తేల్చేశాడన్నమాట!

యాంటీవైరస్‌కు కాన్ఫిగరేషన్ ఫైలు అని ఒకటుంటుంది. ఏ కంప్యూటర్ల నుంచి సమాచారం రానివ్వాలో అందులో రాసి ఉంటుంది. సర్వర్‌లో దాన్ని తెరిస్తే మొదటి వరుసలోనే జమ్మలమడుగు క్లినిక్ పేరు! కింద ఉన్నవన్నీ వాళ్ల కంప్యూటర్లే. ఒకేరోజు రెండూళ్లు ముగించాలని మావాడు అక్కడి ఫైలును పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇక్కడ పడేశాడు. జాబితాలో లేదు కాబట్టి గ్రేస్ కంప్యూటరును యాంటీవైరస్ గుమ్మం బయటే ఆపేసింది. పాత ఫైలు పక్కనే ఉంది. అందులోని జాబితాను కొత్తదాంట్లో చేర్చి రీస్టార్ట్ చేస్తే, పది నిమిషాల్లో రిపోర్టులు వెళ్లాయి.

ఈ పెన్‌డ్రైవ్ పని నేనూ చేశాను, అబద్ధమెందుకు. కానీ ఒక్క రిపోర్టయినా పంపి చూడకుండా ఎలా వచ్చేస్తారు?

"అయిపాయ కదప్పా, ఆయమ్మను ఉండమంటాంలే. ఓకే అని రాసి పో," అన్నాడు మేనేజరు.

ఆమెకు ఒక్క సారీ లేదు. సర్వీసు రిపోర్టులో మేం ఎప్పుడూ రాసేది ఆ 'ఓకే'యే. ఆరోజు రాయలేదు. తప్పు ఫైలు పెట్టింది మా ఇంజినీరేననీ, ల్యాబ్ సిబ్బంది తప్పేమీ లేదనీ రాసి, మేనేజరు సంతకం పెట్టేదాకా కుర్చీలోంచి లేవలేదు. తర్వాత ఆఫీసులో నాకు అక్షింతలు పడ్డాయి. పడనీ. తప్పెవరిదో కాగితం మీద పెడితేనే రిపేరు పూర్తయినట్టని నాకు ఆ కేసు నేర్పింది.

బయటికి వస్తుంటే గ్రేస్ వెనకాలే వచ్చింది.

"అన్నా, ఆ కాయితం జిరాక్సు ఒకటి ఇస్తావా? పొద్దున మా ఆయనకు ఫోన్ చేసి ఏడిస్తే, ఆయప్ప గూడా 'నువ్వేం నొక్కినావు?' అనే అడిగె."