గురజాల నుంచి తెచ్చిన పెద్దకూర

అమ్మ అన్నం ముట్టి ఎనిమిది రోజులైంది. ఆపరేషను తరువాత ఏది తిన్నా మట్టి తిన్నట్టుందనేది. ఏది ఇష్టమైతే అది పెట్టండి, తినకపోతే మాత్రం కష్టం అన్నారు డాక్టరు గారు. తొమ్మిదో రోజు తెల్లవారి అమ్మే అడిగింది. "అక్క చేతి పెద్దకూర కారంగా ఉంటే రెండు ముద్దలు దిగుతయ్యేమోనే." అక్కంటే గురజాలలో ఉండే మా పెద్దమ్మ.

సత్తెనపల్లిలో ఆరున్నరకు మాచర్ల ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు మూడు రూపాయలు. పిడుగురాళ్ల వస్తుంటే కిటికీ దించుకోవడం మంచిది, సున్నపు బట్టీల పొగ కళ్లు మండిస్తుంది. నడికుడిలో బండి చాలాసేపు ఆగుతుంది. నా ఒళ్లో పుస్తకం ఉంది. గురజాల దాకా ఒకే పేజీ చదివాను. దిగేసరికి పది దాటింది.

పెద్దమ్మ సంగతి విని ఇంటివాళ్ల తలుపు వైపు చూసింది. కొడుకు గుమాస్తా అయ్యాక ఈ అద్దె ఇంట్లోకి మారారు.

"ఈడ గుడ్డు పగలగొట్టినా సామాను బయటేస్తారే. ఆరేళ్లైంది నేను వండక. ఇంక ముట్టనని వాడికి మాటిచ్చా." కాసేపు నిలబడి, కొంగు దోపుకుంది. "పద, బీబమ్మ ఉందిగా."

బీబమ్మ గొడ్డుమాంసం కొట్టాయన భార్య, పెద్దమ్మకు పాత స్నేహితురాలు. కిలో ఎనిమిది రూపాయలకు తీసుకుని వాళ్ల పెరట్లోనే పొయ్యి వెలిగించాం. నానబెట్టిన ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ధనియాలు నేను రోట్లో నూరాను. కళ్ల వెంట ఒకటే నీళ్లు.

"కాన్వెంటు పిల్లవిగా, ఏడుపు కూడా ఇంగిలీషులోనేనా?" అంది బీబమ్మ.

"నవ్వబాకే. దాని తల్లి చానా చిక్కిపోయిందంట."

ముక్కల్లో నీరింకి కొవ్వు నూనెగా తేలాక పెద్దమ్మ కారం ముద్ద వేసి వేయించింది. నీళ్లు పోశాక గంటన్నర ఉడికింది. దించేముందు గరిటెతో కాస్త పులుసు అరచేతిలో వేసుకుని, నోటి దాకా తీసుకెళ్లి ఆగింది. ఆ చేయి నా వైపు చాపింది.

"ఉప్పు నువ్వు చూడవే. అందాజు తెలవట్లా. బీబమ్మ రంజాను ఉపాసం, నాకేమో ఒట్టు."

వసారాలో కొట్టాయనా, ఆయన తమ్ముడూ కూర్చుని మా వైపే చూస్తున్నారు. పరాయి మగవాళ్ల ఎదుట అరచేతిలోది నాకడానికి నాకు సిగ్గేసింది. వాసన చూసి, "సరిపోయింది పెద్దమ్మా" అన్నాను.

రెండు గంటల బస్సులో క్యారియరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికి చేరేసరికి ఐదున్నర. అమ్మ లేచి కూర్చుని, తనే ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది.

"ఉప్పే లేదే."

ఉప్పు తెచ్చి కలిపాను. పైన వేసిన ఉప్పు ముక్కలోకి దిగలేదు.

"అక్క ఉప్పు చూడకుండా గిన్నె దించదు. హోటల్లో కట్టించుకొచ్చావు గదా? చెప్పు, ఏమీ అననులే."

"పెద్దమ్మే వండిందమ్మా."

"అక్క వండనందా?"

ఉప్పు చూడమన్నది నన్నేనని చెప్పాలి. చెంబుతో నీళ్లు మాత్రం అందించాను. అమ్మ చేయి కడుక్కుని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇది జరిగి పదిహేను రోజులైంది. ఆ తరువాత అమ్మ ఏదీ అడగలేదు. చెంచాతో గంజి పోస్తే సగం పెదవుల మీదుగా కారిపోతుంది. అక్క తనను కాదనుకుందన్న నమ్మకంతోనే పడుకుని ఉంది. రోజూ పక్కన కూర్చుంటాను, రోజూ చెప్పాలనుకుంటాను. ఇప్పుడు చెప్పినా నమ్మదేమో.

ఈ దారిలో ఎవరికోసమైనా కూర తేవడానికి వెళ్లేవాళ్లకు ఒకటే మాట. గిన్నె పొయ్యి మీద ఉండగానే, ఎవరు చూస్తున్నా సరే, ఉప్పు చూడండి.