ఫోను గొంతుకు ఎన్ని మార్కులు

కమలకుమారి వింటర్ జాకెట్‌కున్న పాత జిప్పును సరోజన చేతులు ఊడదీస్తున్నాయి. బ్లేడు మొనతో ఒక్కో కుట్టూ తెంపుతూ, దారం ముక్కల్ని నోటితో ఊదేస్తూ పోతోంది. జేబులో ఏదో గరగరలాడితే తీసి చూసింది. మడతపెట్టిన కాగితం. "రాదగిన ప్రశ్నలు: ఒకటి, నా కుటుంబం. రెండు, దీపావళి. మూడు, నాకు ఇష్టమైన వంట. మీ దయ."

జిప్పు దానంతటదే పాడైందా, కావాలని పాడుచేశారా అని సరోజన దాని పళ్ళు మరోసారి పరిశీలించింది. నిజంగానే పాడైంది. కాగితాన్ని మళ్ళీ అదే జేబులో పెట్టేసింది.

కమలకుమారి కూతురు భవితకు ఏప్రిల్‌లో డిగ్రీ రావాలి. వాళ్ళుంటున్న కెనడాలోని విన్నిపెగ్‌లోనే ఒక ల్యాబ్‌లో ఉద్యోగం ఖాయమైంది, డిగ్రీ చూపిస్తేనే ఇస్తారు. అన్నీ అయ్యాయి గాని విదేశీ భాష కింద ఆరు క్రెడిట్లు తక్కువ పడ్డాయి. క్లాసులో కూర్చుని తెచ్చుకోవాలంటే మరో ఏడాది, ఉద్యోగం అన్నాళ్ళు ఆగదు. వచ్చిన భాషలో పరీక్ష నెగ్గితే క్రెడిట్లు ఇచ్చేస్తామంది యూనివర్సిటీ. తెలుగుకు అక్కడ పంతుళ్ళు లేరు. అడగ్గా అడగ్గా, పదకొండేళ్ళుగా ప్రతి శనివారం లైబ్రరీలో పిల్లలతో అక్షరాలు దిద్దిస్తున్న టైలర్ సరోజన పేరు చెప్పారెవరో. పరీక్ష పెట్టి మార్కులేసే పని ఆమెకు అప్పగించారు. సరోజనకు పెద్ద చదువుల్లేవు. కుట్టుపనీ పాఠం చెప్పడమూ రెండూ పాడుచేసి, విప్పి, మళ్ళీ కుట్టి నేర్చుకున్నవే.

ఆ వారం కమలకుమారి రోజూ ఫోన్ చేసింది.

"వదినగారూ, భోంచేశారా అండీ? మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నానేమో. మీరు కాస్త పెద్ద మనసు చేసుకుంటే అమ్మాయి గట్టెక్కేస్తుందండీ. మీకు నేను చెప్పాలా?"

"వచ్చిన కాడికి మార్కులేస్తా వదినా."

"అదేనండీ, వచ్చినదానికన్నా కాస్త..."

"కాస్త కూడా ఉండదు."

తేనె కారే ఆ గొంతు ఉన్నట్టుండి పక్కకు తిరిగి, "ఏయ్, ఎన్నిసార్లు చెప్పాలి, పుస్తకం తియ్! చెవుల్లో సీసం పోసుకున్నావా?" అని ఉరిమి, మళ్ళీ తేనెలోకి దిగింది. "ఆఁ, మా అమ్మాయితోనండీ."

శనివారం యూనివర్సిటీలో చిన్న గది. పొద్దున చదవడం, రాయడం అయ్యాయి. భవిత అక్షరాలు వంకరపోయాయి గాని పడిపోలేదు. మిగిలింది మాట్లాడటం. అందులో విడిగా నెగ్గకపోతే పొద్దుటిదంతా వృథా. బల్ల మీద రికార్డర్ ఎర్రగా వెలుగుతోంది.

"మీ ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?"

"జస్ట్ మామ్ అండ్ మీ, ఆంటీ."

"తెలుగులో."

"అమ్మ... అండ్... నేను."

అంతే. ఇరవై రెండేళ్ళుగా తెలుగు వింటూ, ఇంగ్లీషులో జవాబిస్తూ పెరిగిన పిల్ల. చెవి నిండా ఉంది గాని నోట్లోంచి రావడం లేదు.

సరోజన మొదటి కార్డు ముందుకు జరిపింది. ఇంటి ఓనరు మూడు రోజులుగా హీటర్ బాగుచేయించలేదు, అతనితో మాట్లాడాలి. ఓనరు వేషం సరోజనది.

"హీటర్... ఇట్స్..." అంటూ భవిత పైకప్పు చూసింది.

"రేపు చూద్దాంలేమ్మా, ఏం తొందర?" అంది సరోజన గొంతు లావు చేసి.

ఆ మాట ఎక్కడ తగిలిందో గాని, భవిత కనుబొమలు లేచాయి. చెయ్యి నడుం మీదికెళ్ళింది.

"ఏంటి రేపు? నిన్నా రేపే, మొన్నా రేపే! సిగ్గూ శరం ఉందా అసలు? ఇల్లా ఇది, మంచుగడ్డా? గుడ్లప్పగించి చూస్తావేంటి, లే! నేను అరిస్తేగాని ఒక్క పనీ కాదు. నా ప్రాణానికి దొరికావు! ఇంకోసారి చెప్పించుకున్నావో, తాట తీస్తా!"

ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు. మధ్యలో ఊపిరి కూడా తీసుకోలేదు. సరోజన తనకు తెలియకుండానే "ఇప్పుడే చేయిస్తా తల్లీ" అంటూ కుర్చీలోంచి సగం లేచింది.

సర్దుకుని కూర్చుని, ధారాళంగా మాట్లాడినందుకు పదికి పది వేసింది. మర్యాద గడిలో సున్నా చుట్టింది.

ఆఖరి కార్డు ఆ మర్యాద కోసం పెట్టిందే. అమ్మకు జ్వరం, పక్కింటి పెద్దావిణ్ణి క్లినిక్ దాకా కారులో తీసుకెళ్ళమని అడగాలి. ఇది పోతే అన్నీ పోయినట్టే.

"ఏయ్..." అని మొదలుపెట్టి భవిత తనే నాలుక కరుచుకుంది. మళ్ళీ పైకప్పు చూసింది. ఆ పిల్లను ఇంట్లో ఎవరూ ఏదీ బతిమాలి అడిగి ఉండరని సరోజనకు అర్థమైంది. ఒక్క మాట అందిద్దామని నోటిదాకా వచ్చింది. మింగేసింది. కార్డు మళ్ళీ చదివి వినిపించడం వరకే నియమం. చదివింది.

"ఆంటీ, ఫోన్‌లో... అడగొచ్చా?"

ఎలా అడగాలో కార్డులో లేదు. "అడుగు" అంది.

భవిత బొటనవేలు చెవికీ చిటికెనవేలు నోటికీ ఆనించింది. గొంతు ఒక్కసారిగా తేనెలో పడింది.

"వదినగారూ, భోంచేశారా అండీ? మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నానేమో. అమ్మకు ఒళ్ళు కాలిపోతోందండీ. మీరు కాస్త పెద్ద మనసు చేసుకుని క్లినిక్ దాకా దింపితే గట్టెక్కేస్తామండీ. మీకు నేను చెప్పాలా?"

"కాస్త కూడా ఉండదు" అనబోయి సరోజన పెదవి కొరుక్కుంది. "మంచు పడుతోంది గదమ్మా, ఎట్లా?"

"మీ చేతికి మంచొక లెక్కా అండీ!" అని, భవిత చెయ్యి పక్కకు తిప్పి ఉరిమింది. "ఏయ్, జాకెట్ వేసుకో, చెవుల్లో సీసం పోసుకున్నావా?" మళ్ళీ తేనె. "ఆఁ, మా అమ్మతోనండీ."

సరోజన రికార్డర్ ఆపాక గాని నవ్వలేదు. పెద్దావిణ్ణి వదినగారూ అన్నందుకు ఒక మార్కు, జ్వరంతో ఉన్న తల్లిని కసిరినందుకు ఇంకొకటి తగ్గించింది. రెండుసార్లు కూడింది. పాసు గీత మీద మూడు మార్కులు ఎక్కువతో భవిత గట్టెక్కింది. కింద రాసింది: "కోపంలో ధారాళం. ఫోన్‌లో మర్యాద." సంతకం చేసి, కవరు అంటించి, సోమవారం ఆఫీసులో ఇచ్చి వచ్చింది.

గురువారం కమలకుమారి దుకాణంలోకి ఎగురుకుంటూ వచ్చింది. "పాసయిందండీ వదినగారూ! అంతా మీ దయ."

"నా దయేం లేదు. ఆ నోరంతా మీదే," అంటూ సరోజన జాకెట్ అందించింది. "జేబులో మీ కాగితం అట్లే ఉంది, చూసుకోండి."

కమలకుమారి జాకెట్ తొడుక్కుని జిప్పు లాగింది. అది ఎక్కడా తగులుకోకుండా గడ్డం దాకా వచ్చి ఆగింది.