చేసే పని పేరు

పొద్దున్నే షాపు తెరిచి, పనిముట్లు నీళ్లలో మరిగించి, డబ్బా మూత తీస్తాను. వేడి ఇనుము వాసన గుప్పున మొహానికి కొడుతుంది. పక్క గదిలో వెచ్చబెట్టిన నువ్వుల నూనె వాసన వచ్చి దానిలో కలుస్తుంది. కొందరు ముక్కు చిట్లించి "ఇదేం వాసనండీ, ఆస్పత్రిలాగ!" అంటారు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే సత్యవతి గారు పక్కనే నిలబడ్డట్టుంటుంది. ఈ పని నేను నేర్చుకున్నది ఆవిడ దగ్గరే. వన్ టౌన్‌లో టోకు దుకాణాల సందులో, ఒక పాత మేడ కింది వాటాలో ఆవిడ బ్యూటీ పార్లర్ ఉండేది. భర్తకు పోర్టులో ఉద్యోగం వస్తే గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. ఎన్నేళ్లయినా మాటలో ఆ "అండీ" మాత్రం పోలేదు.

మాది భీమిలి దగ్గర సముద్రం ఒడ్డున ఊరు. నాన్న వేటకు వెళితే, అమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగి అమ్మేది. ఇంటర్ తప్పాక, కనుబొమ్మలు తీయడమైనా నేర్చుకుందామని సత్యవతి గారి దగ్గర చేరాను. ఒకరోజు ఆవిడ నా అరచేతులు తిప్పి చూసి, "నూకాలూ, ఇవి వల లాగిన చేతులే. పట్టు ఎక్కడ వెయ్యాలో తెలిస్తే నీకు మసాజ్ బాగా వస్తుంది" అన్నారు. దగ్గరుండి శిక్షణలో చేర్పించి, సర్టిఫికెట్ వచ్చేదాకా వదల్లేదు.

ఆ తర్వాత పార్లర్ లైసెన్సులో మసాజ్ కూడా చేర్పించాలని మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ఎదురు సందులో పార్లర్ నడిపే ఆవిడ వచ్చి నచ్చజెప్పింది. "ఆ మాట రాయించకండక్కా. బ్యూటీ పార్లర్ అని ఉంటే చాలదా? మసాజ్ అంటే జనం ఇంకేదో అనుకుంటారు."

"అనుకుంటారనే రాయిస్తున్నానమ్మా" అన్నారు సత్యవతి గారు.

హెల్త్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చెప్పిన మార్పులన్నీ విసుక్కోకుండా చేయించారు. చెవులు కుట్టే మిషన్ కొన్నారు గానీ, దానికీ అనుమతి వచ్చేదాకా ముట్టుకోలేదు. పాత కస్టమర్ ఒకావిడ పసిపాపను ఎత్తుకొచ్చి, చిన్న రంధ్రమే కదా అని బతిమాలింది. "రంధ్రం చిన్నదేనండి. చీము పడితే ఏడ్చేది పాప కదండీ" అని పంపేశారు. ఆవిడ అలిగి చాలాకాలం మా గడప తొక్కలేదు.

లైసెన్సు వచ్చింది, బోర్డు మీద కొత్త మాట ఎక్కింది. అది చూసిన మా ఊరివాళ్లెవరో ఊళ్లో చెప్పారు. వెంటనే ఇంటికి వచ్చెయ్యమని అమ్మ కబురు పెట్టింది. పని మానెయ్యాల్సిందేనని ఏడుస్తూ బట్టలు సర్దుకుంటుంటే, సత్యవతి గారు చెప్పులేసుకుని "పద, నేనూ వస్తాను" అని నాతో పాటు భీమిలి బస్సెక్కారు.

అమ్మ ఆవిణ్ని కూర్చోమని కూడా అనలేదు. "మా గుంట సేత ఏటి పని సేయిస్తన్నావమ్మా? ఊళ్లో నాను తలెత్తుకోనేకపోతన్నాను" అంది.

"నేను చెప్తే మీరు నమ్మరండి. తట్ట మోసి మోసి మీ భుజం పట్టేసిందట కదా. ఓసారి దాన్ని మీ అమ్మాయి చేతికివ్వండి."

వీధరుగు మీద, అందరూ చూస్తుండగా అమ్మను కూర్చోబెట్టి మెడ దగ్గర మొదలుపెట్టాను. అమ్మ మొదట కర్రలా బిగుసుకుపోయింది. కాసేపటికి తల ముందుకు వాల్చేసింది. "ఒలే, నువ్వు పుట్టినప్పుడు మంత్రసాని నాకు రుద్దినదీ ఇదే కదే! దీనికి లైసెన్సేటి మళ్లీ?" అంది.

"మంత్రసానిని ఊరంతా ఎరుగుదురండి. పట్నంలో ముక్కూ మొహం తెలియని మనిషి చేతికి ఒళ్లు అప్పగించాలి. ఆ చెయ్యి మంచిదేనని ఎవరో ఒకరు చూసి చెప్పాలి కదండీ. లైసెన్సంటే అదేనండి."

అమ్మ భుజం నొప్పి పూర్తిగా పోలేదు గానీ, నన్ను మాత్రం ఆవిడతో తిరిగి పంపింది.

ఆ లైసెన్సు నన్ను కాపాడిన రోజు కూడా వచ్చింది. ఒక మధ్యాహ్నం ఒక రిటైర్డ్ టీచరుగారికి నడుం పడుతున్నాను. ఎవరో ఫిర్యాదు చేశారట, ముందుగదిలో పోలీసుల గొంతులు వినిపించాయి. ఇలాంటి కేసుల్లో చున్నీలతో మొహాలు కప్పుకున్న ఆడపిల్లల ఫొటోలు పేపర్లో చూసినదాన్ని. చేస్తున్న పని వదిలేసి నా చున్నీ కోసం వెతుక్కున్నాను.

"మసాజని సెప్పి ఏటి సేత్తన్నారో సూడాల. పక్కకి జరుగమ్మా" అన్నాడొక పోలీసాయన.

"జరగనండి. లోపల ఆడవాళ్లు పడుకుని ఉన్నారు. ఆడ కానిస్టేబుల్‌ని పిలిపించండి, ప్రతి గదీ నేనే తెరిచి చూపిస్తాను. ఈలోపు గోడ మీద లైసెన్సు చదవండి."

బూట్ల చప్పుడు గోడ వైపు జరిగింది. "ఇందల మసాజని కూడా రాయించీసినారేటి? ఎవులూ రాయించరే!" అన్నాడాయన.

"చేసే పని మేం రాయించకపోతే, చెయ్యని పని మీరు రాసుకుంటారండి."

ఆడ కానిస్టేబుల్ వచ్చింది. గదులు చూసింది, నా సర్టిఫికెట్ చూసింది, ఏ ఊరని మెల్లగా అడిగింది. అంతే, అందరూ వెళ్లిపోయారు. అప్పుడు సత్యవతి గారు కుర్చీలో కూలబడి మంచినీళ్లడిగారు. గ్లాసు గటగటా తాగేసి ఇంకోటి అడిగారు. ఆవిడ కూడా నాలాగే భయపడ్డారని అప్పుడు తెలిసింది. రెండో గ్లాసూ తాగి, "పాపం, టీచరుగారి నడుం సగంలో వదిలేశావు, వెళ్లవే" అన్నారు.

నేను సొంత షాపు పెట్టుకునే నాటికి ఆవిడ లేరు. లైసెన్సు కోసం వెళితే కౌంటర్లో గుమస్తా తలెత్తకుండానే ఏం వ్యాపారమని అడిగాడు. నా వెనక నిలబడ్డవాళ్లంతా మగవాళ్లే. "బ్యూటీ పార్లర్" అన్నాను. తర్వాతి మాట దగ్గర గొంతు తగ్గబోయింది. తగ్గనివ్వలేదు. "మసాజ్ కూడా రాయండి" అన్నాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తిరిగి చూసి, "మీ ఇంట్లో ఆడవాళ్లకి నడుం నొప్పి ఉంటే పంపించండి బాబూ, బాగా చేస్తాను" అన్నాను. గుమస్తా తలెత్తి నన్ను చూశాడు. రాసుకున్నాడు.

ఆ గొంతు నాకు సత్యవతి గారిచ్చింది. ఏం పని చేస్తావని ఎవరడిగినా, ఇప్పటికీ ఆ గొంతుతోనే చెబుతాను.