సుద్దగీత చెప్పిన పుల్లీ రోగం

2019 ఎండాకాలం. మంచిర్యాలలో నేను కార్ల షెడ్డు పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు. బానెట్ ఎత్తగానే రోగం చెప్తానని నాకు పేరు. ఆ పేరు నా తలకు కొంచెం ఎక్కువే ఎక్కింది.

ఆ పొద్దున నస్పూర్ నుంచి మల్లేశ్ తన టాక్సీ తెచ్చాడు. దుబాయ్‌లో తొమ్మిదేళ్లు చేసిన సంపాదనంతా ఈ డీజిల్ కారు మీదే పెట్టాడు. తిరిగొచ్చిన రోజు, నడుమ సెలవుకొచ్చి పోయాక పుట్టిన ఐదేళ్ల బిడ్డ తనను గుర్తుపట్టక, వాళ్లమ్మ కొంగు వెనక దాక్కుందట. ఆ ముచ్చట నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

"సత్తన్నా, ముంగట పుల్లీ ఊగుతుంది. జర చూడు."

ఇంజన్ స్టార్ట్ చేయించి చూశాను. క్రాంక్ షాఫ్ట్ అంటే ఇంజన్ లోపలి ప్రధాన ఇరుసు. దాని చివరన ఉండి బెల్టును తిప్పే చక్రమే పుల్లీ. అది వంకరటింకరగా తిరుగుతోంది.

"షాఫ్టే వంగింది మల్లేశ్. ఇంజనంత దించాలె. కొత్తది ఏసుడే అయితదేమో."

మల్లేశ్ పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు. "గట్లనకన్నా! ఇంజన్ పోతే బండి అమ్ముడే, మళ్ల దుబాయ్ పోవుడే. బిడ్డ ఇప్పుడిప్పుడే బాపూ అని మీదికొస్తుంది."

ఆ మాట విన్నాక పానా పట్టబుద్ధి కాలేదు. షాఫ్టు వంగితే ఇంజన్ మోత మారాలి కదా, ఇది సాఫీగానే పలుకుతోందే! బెల్టు తీసి డయల్ గేజ్ పెట్టాను. వెంట్రుకంత వంకరనైనా ముల్లుతో చూపించే పరికరం అది. పుల్లీ నడిమి భాగానికి ఆనించి చేత్తో తిప్పితే ముల్లు కదల్లేదు. బయటి రింగుకు ఆనిస్తే ఎగిరెగిరి పడింది.

ఆ రెండింటి నడుమ, ఇంజన్ అదురు తగ్గడానికి, రబ్బరు అతికించి ఉంటుంది. సుద్దముక్కతో నడిమి నుంచి రింగు దాకా ఒకే గీత గీసి, బెల్టు వేసి, రెండు నిమిషాలు నడిపి ఆపాం. గీత రెండు ముక్కలైంది. రింగు మీది ముక్క బెత్తెడు పక్కకు పోయింది. ఓరి దేవుడా! రింగు పట్టు విడిచింది, దారిలో ఊడి ఎగిరితే ఏమయ్యేదో!

"బతికినవ్ పో! షాఫ్టుకు ఏం కాలే. పుల్లీ మారిస్తే సరి."

మల్లేశ్ నా చేతులు పట్టుకుని వదల్లేదు.

పుల్లీ విప్పితే రబ్బరు ఉబ్బిపోయి, గోటితో గీకితే ఊడొస్తోంది. నాకు ఒళ్లు మండింది. "ఏం పోసినవ్ రా దీని మీద?"

"డీజిలన్నా. బొగ్గు గనుల దుమ్ము ఉత్త నీళ్లకు పోతదా? ప్రతి శుక్రవారం పూజకు ముందుగాల ఇంజన్ కడుగుత."

"డీజిల్ రబ్బరును తింటదని ఎర్కలేదా? ఎవడు చెప్పిండు నీకు గా తెలివి?"

మల్లేశ్ బిత్తరపోయి నన్నే చూశాడు. "నువ్వే కదన్నా. బండి కొన్ననాడు, గీ షెడ్డులనే చెప్పినవ్."

నిజమే, నేనే చెప్పాను. నా గురువు నాకు చెప్పాడు, నేను వచ్చిన ప్రతి డ్రైవర్‌కూ చెప్పాను. బొగ్గు దుమ్ము ఊళ్లలో మా మెకానిక్‌లందరి మాటా అదే.

పుల్లీ ఊగగానే షాఫ్టు వంగిందని కంటితో తేల్చకూడదని ఆ రోజు తెలిసింది. గురువు మాటనైనా పరీక్షించకుండా పదిమందికి చెప్పకూడదనీ తెలిసింది. సిగ్గు విడిచి, అప్పటికప్పుడు డ్రైవర్లకు ఫోన్లు మొదలుపెట్టాను. మొదట ఎత్తింది లక్సెట్టిపేట డ్రైవర్.

"డీజిల్‌తోని ఇంజన్ కడుగుడు బంద్ చెయ్యి తమ్మీ. తప్పు నాదే," అన్నాను.

అవతలి నుంచి అతను అన్నాడు: "సత్తన్నా, మా బండి పుల్లీ గూడ వారం సంది ఊగుతుంది."