ఆయన క్లోమంలో రాళ్లు

మా ఆయన శామీర్‌పేట చెరువులో చేపలు పడతాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, ముప్పై దాటకముందే చిక్కిపోసాగాడు. తిండి తగ్గలేదు, ఇంకా పెరిగింది. అయినా చొక్కా భుజాల మీద వేలాడేది. తిన్న కాసేపటికి పొట్ట పైభాగంలో నొప్పి లేచి వీపులోకి పాకేది. విరేచనం నూనె కలిసినట్టు జిడ్డుగా అవుతోందని సిగ్గుపడి నాకు కూడా చాలాకాలం చెప్పలేదు. తాగుడు వల్లనే అని వాడకట్టంతా అనుకున్నారు. ఆయన కల్లు కూడా ముట్టడు.

మేడ్చల్‌లో స్కానింగ్ తీయించాం. డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకు పెట్టి తెల్లటి మచ్చలు చూపించింది.

"ఇది క్లోమం. గీ తెల్లగున్నయన్నీ రాళ్లే. అన్నం అరిగించే రసానికి అడ్డం పడ్డయి. అందుకే తిన్నది ఒంటికి పడ్తలేదు. క్లోమం చెడిపోయి షుగర్ కూడా వచ్చింది."

"తీసేస్తే మంచిగైతదా అమ్మా?" అన్నాను.

"నొప్పి తగ్గుతది. చెడిపోయింది మాత్రం మళ్ల రాదు."

అన్నంతోపాటు మింగాల్సిన గోలీలూ, ఇన్సులిన్ సూదులూ రాసింది. సూది వేసుకుని తినకుండా ఉంటే షుగర్ మరీ పడిపోయి ప్రాణం మీదికొస్తుందని గట్టిగా చెప్పింది.

ఒకరోజు పొద్దున ఆయన సూది వేసుకున్నాడు. అన్నం ఇంకా ఉడకలేదు. "జల్దీ వస్త" అని చెరువుకు వెళ్లిపోయాడు. అన్నం ఉడకగానే నేను డబ్బా కట్టుకుని చెరువు కట్ట మీదికి పరుగెత్తాను. తెప్ప నీళ్ల నడుమ గాలికి తిరుగుతోంది. ఆయన తల వాల్చి కూర్చున్నాడు.

"ఇంటున్నవా? ఇగ రా!"

ఆయన చేతిలోని తెడ్డు నీళ్లలోకి జారిపోయింది. అరిచాను. పక్కనే వల విప్పుతున్న మా మరిది తన తెప్ప మీద వెళ్లి ఆయనను ఒడ్డుకు లాక్కొచ్చాడు. ఒళ్లంతా చెమట. నన్ను చూసి, "ఎవరు నువ్వు?" అన్నాడు.

కట్ట మీది చాయ్ కొట్టులో చక్కెర నీళ్లు కలిపించి కొద్దికొద్దిగా తాగించాను. "మింగు, మింగు" అంటూనే ఉన్నాను. చాలాసేపటికి కళ్లు నిలిపి, "ఏందే, ఏడుస్తున్నవ్?" అన్నాడు.

తర్వాత పట్నంలో రాళ్లు పగలగొట్టి తీశారు. నొప్పి తగ్గింది, బుగ్గలకు కాస్త కండ వచ్చింది. సూదులూ గోలీలూ ఉండిపోయాయి. తినకుండా ఇప్పుడు గడప దాటనివ్వను.

కానీ కొన్ని ఇళ్లలో ఈ రోగం పిల్లలకూ రావచ్చని డాక్టరమ్మ అన్న మాట నన్ను వదలలేదు. మొన్న మా బిడ్డ బడి నుంచి కడుపు పట్టుకుని వచ్చింది.

"ఏడ నొస్తాంది? పైననా? వీపుల గూడనా?"

"ఆకలైతాందమ్మా, గంతే."

అన్నం పెట్టి ఎదురుగా కూర్చున్నాను. అది తిని లేచి ఆడుకోవడానికి పోయేదాకా నాకు ముద్ద దిగలేదు.