పేజీ తిప్పనివ్వని దీనమ్మక్క

మొన్న నల్లగొండలో మా అమ్మాయికి లంగా కుట్టించడానికి ఒక దర్జీ కొట్టుకు వెళ్లాను. లోపల తీగ మీద లైనింగు బట్టలు తడిపి ఆరేసి ఉన్నాయి. కొత్త బట్టలోని గంజి నీళ్లకు వదిలినప్పుడు కాస్త పుల్లటి వాసన వస్తుంది. దానికి మిషను నూనె వాసన తోడైతే నాకు బైబిలు గుర్తొస్తుంది. చెబితే నవ్వుతారు. మిగతావాళ్లకు బైబిలు అంటే ఆదివారం కట్టే తెల్లచీరో, పాటల పుస్తకమో, పాస్టరు గారి మైకో గుర్తొస్తాయి. నేను వాక్యం నేర్చుకున్నది మాత్రం హుజూర్‌నగర్‌లో దీనమ్మక్క జాకెట్లు కుట్టే కొట్టులో. ఆ దర్జీ నా కొలతలు అడుగుతున్నాడు, నేను తీగ వైపు చూస్తూ నిలబడ్డాను. లంగా అమ్మాయికని రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

దీనమ్మక్కకు అప్పటికి యాభై దాటాయి. భర్త లేడు, పిల్లలు లేరు, చదివింది ఏడో తరగతి. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడేది, ఒక్కోసారి దానితోనే చర్చికి వచ్చేసేది. మంగళవారం సాయంత్రం ఐదింటికి షట్టరు సగం దించి మమ్మల్ని లోపల కూర్చోబెట్టేది. ఆరుగురం. బల్ల మీద ముగ్గురు, కుట్టు స్టూళ్ల మీద ఇద్దరు, గుడ్డ పేలికల మూట మీద నేను. నేను అప్పుడు ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేదాన్ని. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగి. ఆయనవాళ్లు తాతల నాటి నుంచి క్రైస్తవులు. నేను పెళ్లయ్యాక బాప్తిస్మం తీసుకున్నాను. కొత్తగా చేరినవాళ్లకు ఉండే ఉత్సాహం నాకు మోయలేనంత ఉండేది. పాతవాళ్లు బైబిలు కోసం కళ్లద్దాలు వెతుక్కునేలోపు నేను అధ్యాయం తీసి వేలు పెట్టుకుని కూర్చునేదాన్ని.

దీనమ్మక్క ప్రసంగం చేయదు. చదవమంటుంది, మళ్లీ చదవమంటుంది, ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది: "సరే, గిప్పుడు చెయ్యాల్సిందేంది?" దానికి ప్రతి ఒక్కరూ ఈ వారం తాను చేసే పని ఒకటి చెప్పాలి. "మనమందరం ప్రేమ కలిగి ఉండాలి" లాంటి మాటలు చెల్లవు. ఎవరితో, ఎప్పుడు, ఏం చేస్తావో చెప్పాలి. వచ్చే మంగళవారం ముందుగా దాని సంగతి అడుగుతుంది. చేయకపోతే తిట్టదు. కానీ పేజీ తిప్పనివ్వదు. అందరూ చేసేదాకా ఆ వచనం దగ్గరే కూర్చోవాలి. ఆ లెక్కన నాలుగు సువార్తలు పూర్తవడానికి మాకు ఎన్ని జన్మలు కావాలో అని మిల్లులో హమాలీ మేస్త్రీగా చేసే ప్రకాశం ఒకసారి వాపోయాడు. మనకు ఉన్నది ఒక్క జన్మేనని ఆమె గుర్తుచేసింది.

ఆ నియమం ఆమెకూ వర్తించేది. యాకోబు పత్రికలో అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు ఉండమనే చోటికి వచ్చినప్పుడు ఆమె చాలాసేపు కత్తెరతో ఆడుతూ కూర్చుంది. చివరకు, "నా పని నాకు దొరికింది. పండుగ ముందట అందరికీ 'రేపు ఇస్త' అంటున్న గద, అది బంద్ చేస్త" అంది. దర్జీలు నిజం చెప్పడం మొదలుపెడితే ఏమవుతుందో ఆ క్రిస్మస్‌కు చూశాం. "నీ జాకెట్టు ఇరవై ఆరో తారీకుకు గాని కాదమ్మా" అని మొహం మీదే చెప్పేసరికి సగంమంది సంచులు పట్టుకుని ఎదురు కొట్టుకు పోయారు. ఎదురు కొట్టువాడు అందరికీ రేపు ఇస్తానన్నాడు. పండుగ రోజు ఉదయం అతని కొట్టు ముందు గొడవ జరుగుతుంటే, దీనమ్మక్క తన కొట్టు అరుగు మీద కూర్చుని టీ తాగుతూ చూసింది. ఆమె ముఖంలో విజయగర్వమేమీ లేదు. బేరాలు పోయిన దిగులే ఉంది. నాకు ఆమె మీద గౌరవం మొదలైంది ఆ రోజే అనుకుంటాను. వాక్యం పాటిస్తే లాభం వస్తుందని ఆమె ఎన్నడూ అనలేదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. మా పుట్టిల్లు మర్రిగూడ దగ్గర. అక్కడి ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి తాగి మా అమ్మ నడుము వంగిపోయింది. చివరి మూడేళ్లు మంచానికే పరిమితమైంది. అన్న పత్తి చేను చూసుకునేవాడు, అమ్మను చూసుకున్నది వదిన. ఎత్తి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, తినిపించడం అన్నీ ఆమే. నేను ఏడాదికి రెండుసార్లు పళ్లు పట్టుకుని వెళ్లి, ప్రార్థన చేసి వచ్చేదాన్ని. తెలంగాణ వచ్చిన మూడో ఏడు అమ్మ పోయింది. మా వైపు పదకొండో రోజున పోయినవారికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూస్తారు. పిట్టకు పెట్టడమంటారు. ఆ తర్వాతే ఇంటివాళ్లు తింటారు. చచ్చినవారికి అర్పించినది ముట్టకూడదని నేను ముందే తీర్మానించుకుని వెళ్లాను. వదిన నా ముందు పళ్లెం పెట్టింది. బంధువులంతా చూస్తుండగా దాన్ని అవతలికి తోసి, "ఇది నేను తినను" అన్నాను. సంచిలోంచి బిస్కెట్ల ప్యాకెట్టు తీసుకుని బస్సు స్టాండుకు వెళ్లి, అక్కడ కూర్చుని తిన్నాను.

దీన్ని నేను సాక్ష్యంగా చెప్పుకునేదాన్ని. చర్చిలో చెప్పాను, మహిళా కూటంలో చెప్పాను, దీనమ్మక్క కొట్టులోనూ చెప్పాను. బిస్కెట్ల దగ్గరికి వచ్చేసరికి నా గొంతు కాస్త వణికేది, అది వినేవారికి బాగా పనిచేసేది. అందరూ స్తోత్రం అనేవారు. ఒంటరిగా నిలబడ్డానని నాకూ గట్టిగా అనిపించేది.

రెండేళ్ల తర్వాత మేము కొండమీద ప్రసంగం చదువుతున్నాం. కానుక పట్టుకుని బలిపీఠం దగ్గరికి వెళ్లినవాడికి, తన మీద తోడబుట్టినవాడికి ఏదో విరోధం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడి రమ్మనే చోటు. దీనమ్మక్క ఎప్పటిలాగే ప్రశ్న వేసింది. ప్రకాశం తన బావమరిది చేసిన మోసం చెప్పాడు, ఇంకొకామె తోడికోడలి నోరు గురించి చెప్పింది. అందరం క్షమించడానికి సిద్ధంగా ఉన్నాం. దీనమ్మక్క చెయ్యి ఎత్తింది.

"మీకు ఎవరి మీదున్నదని నేను అడుగుతలేను. మీ మీద ఎవరికున్నదని అడుగుతున్న. గీడ రాసింది గది."

ఈ వైపు నుంచి ఎవరమూ ఆలోచించలేదు. నా వంతు వచ్చినప్పుడు, "నా మీద ఎవరికీ లేదక్కా" అన్నాను, నిజంగానే అనుకుని. ఆమె కళ్లద్దాల మీది నుంచి చూసింది.

"ఆ దినం నాటి సంది మీ వదిన నీతోని మాట్లాడిందా?"

"లేదు."

"ఎన్నాళ్లాయె?"

"రెండేండ్లు."

"మరి ఎవ్వరికీ లేదంటవ్."

నాకు కోపం వచ్చింది. దేవుని కోసం చేసిన పనిని తప్పు అంటోందా అనుకున్నాను. రెండు మంగళవారాలు తలనొప్పి అని మానేశాను. మూడో వారం వెళితే అందరి పుస్తకాలూ అదే పేజీలో తెరిచి ఉన్నాయి. ప్రకాశం విసుగ్గా, "ఒక్కల కోసం అందరం ఆగాల్నా అక్కా?" అన్నాడు. "బస్సులకెల్లి ఒకామె కిందికి దిగింది. ఆమె ఎక్కేదాంక ఆగమా?" అంది దీనమ్మక్క, సూదిలోకి దారం ఎక్కిస్తూ. ఆ ఆదివారం తప్పనిసరై బయలుదేరాను. మిర్యాలగూడలో ఒక బస్సు, నల్లగొండలో ఒక బస్సు మారి, ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. వదిన చెంబుతో నీళ్లిచ్చింది. నా విశ్వాసం ఏమిటో, ఆ రోజు ఎందుకు తినలేదో, అందులో ఆమెను అవమానించే ఉద్దేశం ఎంతమాత్రం లేదని అరగంట సేపు వివరించాను. "సరే" అంది. బర్రెకు కుడితి పెట్టడానికి లేచి వెళ్లింది.

పని అయిపోయిందని మంగళవారం చెప్పాను. దీనమ్మక్క నేనన్న మాటలన్నీ మళ్లీ చెప్పించుకుంది. తర్వాత నెమ్మదిగా, "నీ సంగతంత ఆమెకు చెప్పొచ్చినవ్ బిడ్డా. ఆమె సంగతి అడిగినవా?" అంది. అడగలేదు. ఎవరూ పేజీ తిప్పలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు వదిన చేనులో పత్తి ఏరుతోంది. నేనూ కొంగు నడుముకు చుట్టి పక్క సాలు పట్టాను. చాలాసేపటికి ధైర్యం చేసి, "వదినా, ఆనాడు నీకేమనిపించింది?" అని అడిగాను. ఆమె చెయ్యి ఆగలేదు.

"ఏమనిపిస్తది? మూడేండ్లు మీ అమ్మను ఎత్తిన, దించిన. నువ్వేడున్నవని ఎన్నడన్న అడిగిన్నా? నీ సంసారం నీకున్నదనుకున్న." రెండు చెట్లు దాటాక మళ్లీ అంది. "నీ అన్నం నేను పిట్టకు పెట్టినదాంట్లకెల్లి పెట్టలే సునీతా. పెట్టింది నువ్వు తినవని మీ అన్న చెప్పిండు. తెల్లారకముందే లేసి, ముందుగాల నీదే వండిన. వేరే గిన్నెల. మూత పెట్టి, ఎవ్వరు ముట్టకుండ లోపలి అర్రల పెట్టిన. నువ్వు పళ్లెం నూకినవ్. ఒక్కమాట అడిగితె చెప్పకపోదునా?"

నాకు ఆ చేనులో ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. నేను గొప్పగా చెప్పుకున్న సాక్ష్యమంతా, ఎంతమంది ముందు ఎన్నిసార్లు చెప్పానో, ఒక్కసారిగా నా మీద వచ్చి పడింది. "తప్పైంది వదినా" అన్నాను. ఏడ్చాను. ఆమె ఏడవలేదు, నన్ను దగ్గరికి తీసుకోలేదు, పర్వాలేదని కూడా అనలేదు. పొద్దు వాలుతుంటే పత్తి మూట కట్టి, "బస్సెన్నింటికి?" అని అడిగింది. ఆరింటికన్నాను. "తిని పో" అంది. జొన్నరొట్టె, చింతకాయ తొక్కు పెట్టింది. తిన్నాను.

మంగళవారం ఇదంతా చెప్పాను. ఈసారి గొంతు వణికించే తీరిక లేదు. దీనమ్మక్క మిషను మీద చేతులు పెట్టుకుని విన్నది.

"గట్ల వేరే వండాల్నని ఆమెకెవరు చెప్పిండ్రు?"

"నేను తిననని అన్న చెప్పాడంతే. వేరే వండమని ఎవ్వరూ చెప్పలేదక్కా."

ఆమె కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. "నువ్వు ఆ బిస్కెట్ల ముచ్చట మొదటిసారి చెప్పినప్పుడు నేను గూడ స్తోత్రం అన్న. అందరికంటె గట్టిగ అన్న. వండినామె గురించి ఒక్కమాట అడగకపోతి. నాది గూడ తప్పే." ప్రకాశం తల దించుకున్నాడు. వాక్యం చెప్పేవారు ఒకరి ముందు తమ తప్పు ఒప్పుకోవడం నేను అప్పటివరకు చూడలేదు, ఆ తర్వాత కూడా పెద్దగా చూడలేదు. ఆ రోజు ఇంకేమీ చదవలేదు. పేజీ ఆ తర్వాతి వారం తిప్పాం.

నాలుగేళ్ల కింద గుండెపోటుతో దీనమ్మక్క పోయింది. అప్పటికి మేము నల్లగొండకు మారాం. వెళ్లి చూసి వచ్చాను. మా మంగళవారాలలో సువార్త ఒక్కటి కూడా పూర్తిగా ముగియలేదు. ఆ తర్వాత నేను బైబిలు మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివాను. ఎవరూ ఆపలేదు కనుక త్వరగానే అయింది.

అమ్మ సంవత్సరీకానికి ఇప్పుడు ఒక రోజు ముందే ఊరికి వెళతాను. చీకటితో లేచి వదిన పొయ్యి వెలిగిస్తే నేను ఉల్లిపాయలు కోస్తాను. పిట్టకు పెట్టింది నేను ఇప్పటికీ తినను. ఎందుకని ఆమె ఇప్పటికీ అడగదు. నన్ను క్షమించానని ఆమె ఎన్నడూ అనలేదు, ఆ మాట కోసం నేను కాచుకుని ఉన్నానని ఆమెకు తెలుసో లేదో కూడా తెలియదు. అన్నం ఉడకగానే, ఇంకా పిట్టకు పెట్టకముందే, ఒక గిన్నెలో కొంత తీసి మూత పెట్టి నా వైపు జరుపుతుంది. "గిది నీది" అంటుంది. నేను రెండు చేతులతో అందుకుంటాను.