నిండు చెంబు నడక

నా చిన్నప్పుడు మా ఇంట్లో వీపు వంచి కూర్చోవడం పెద్ద తప్పు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఒకదానికొకటి అంటుకుని ఉండే ఎర్ర ఇటుకల ఇళ్ళ వరుసలో మాదొకటి. కింద రెండు గదులు, పైన రెండు, పెరటి చివర మరుగుదొడ్డి. మా నాన్నగారు సిటీ బస్సులో కండక్టరు. అయినా మా నాయనమ్మగారు ముందుగదిలో కిటికీ పక్క కుర్చీలో, చీర మీద ఊలు స్వెట్టరు వేసుకుని, దర్బారులో కూర్చున్నట్టే కూర్చునేవారు. మన్యం కొండల అంచున మాకొక దివాణం ఉండేది. జమీందారీలు రద్దయ్యాక అప్పులకింద అదీ పోయింది. అన్నీ పోయినా నడక మాత్రం పోలేదని మా ఇంట్లో అనుకునేవారు. తొమ్మిదేళ్ళ నేను ఆ మాటను అందరికంటే గట్టిగా నమ్మాను. ఆ వీధిలో నన్ను మించిన ప్రభువు లేడని నా ఉద్దేశం.

ఆ ఏడాది మా బడిలో నాటకం వేశారు. అమెరికాలో తెల్లవాళ్ళు పడమటి మైదానాలకు వెళ్ళి ఎలా స్థిరపడ్డారన్నది కథ. ఆ మైదానాలు సూ అనే ఆదివాసీ జాతి వాళ్ళవి. అక్కడి నల్లకొండలు ఎప్పటికీ మీవేనని వాళ్ళకు కాగితం రాసిచ్చి, బంగారం కనపడగానే ఆ కాగితాన్ని పక్కన పడేశారు. సూ వాళ్ళు తిరగబడి ఏళ్ళ తరబడి పోరాడారు. వాళ్ళ తిండికీ బట్టకూ ఆధారమైన అడవిదున్నల మందలను చంపేసి, ఆకలితో లొంగదీసి, గిరి గీసిన నేలల్లోకి తోలారు. ఇదంతా నేను చాలా కాలానికి లైబ్రరీలో చదివి తెలుసుకున్నాను. మా నాటకంలో అది రెండు నిమిషాల పని. గుర్రాల మీద వచ్చిన సైనికుల ముందు సూ నాయకుడు బల్లెం కింద పెడతాడు, తల వంచుకుంటాడు, తనవాళ్ళను తీసుకుని పక్కకి వెళ్ళిపోతాడు. వెంటనే మిగతా పిల్లలు అట్టముక్కల కంచె నాటి సంతోషంగా పాట పాడతారు.

ఆ నాయకుడి వేషం నాకిచ్చారు. ఎందుకిచ్చారో వేరే చెప్పక్కర్లేదు, క్లాసులో తెల్లవాడు కానివాణ్ణి నేనొక్కణ్ణే. ఊరి జనమంతా చూస్తుండగా నేను తల వంచాలి! ఇంటికి రాగానే సంచీ విసిరికొట్టాను.

“నేను వెయ్యను నాయనమ్మగారూ. మన వంశంలో ఎవరూ తల వంచలేదు. నాకు సోల్జర్ వేషం కావాలి. వాళ్ళకి గుర్రాలున్నాయి.”

గుర్రాలంటే చీపురుకట్టలు. ఆవిడ బంగాళదుంపల తొక్కు తీయడం ఆపలేదు. “నీకు ఆ వేషం తక్కువైందా బాబూ? చూడబోతే అదే నీకు ఎక్కువయ్యేట్టుంది. సరే, వెళ్ళిపొమ్మన్నారు కదా, ఎంతసేపట్లో వెళ్ళాలో చెప్పారా?”

“చెప్పలేదు.”

“అయితే ఇంకేం.”

ఆవిడ లేచి, ఊరి నుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబులో అంచుదాకా నీళ్ళు పోసి నా నెత్తిన పెట్టారు. వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా వెళ్ళి రమ్మన్నారు. ఒక్క చుక్క ఒలికినా సరే, తనే బడికి వచ్చి ఆ వేషం మాన్పించేస్తానన్నారు.

అందులోని కిటుకు ఇప్పటికీ తలచుకుని నవ్వుకుంటాను. వేషం వదిలించుకోవడానికి నేను చేయవలసిందల్లా కావాలని ఒక చుక్క ఒలికించడమే. కానీ నాయనమ్మగారు చూస్తుండగా నేను ఒలికించడమా? మొదటిసారి చన్నీళ్ళు మెడ వెనకనుంచి వీపులోకి దిగాయి. “ఇది లెక్కలోకి రాదు,” అని నేనే చెంబు మళ్ళీ నింపమన్నాను. నాలుగోసారికి నడక పట్టుబడింది. నెత్తిన నిండు చెంబున్నవాడు తొందరపడలేడు, తల వంచనూ లేడు.

నా వెంట నడవాల్సిన సూ జనం అయిదుగురు. మర్నాటి నుంచి వాళ్ళకూ అదే శిక్షణ. తలో పుడ్డింగు గిన్నె తెచ్చుకుని, నీళ్ళు నింపి నెత్తిన పెట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాళ్ళం. పెద్దలు గుమ్మాల్లో నిలబడి నవ్వేవారు. పిల్లలంతా తడిసి ముద్ద. ఎన్నడూ గుమ్మం దిగని నాయనమ్మగారు స్లిప్పర్లతో పేవ్‌మెంట్ మీదకు వచ్చి, ఇంగ్లీషు ముక్క రాకపోయినా, ఒక్కొక్కళ్ళ గడ్డం కింద వేలు పెట్టి పైకెత్తేవారు.

వాళ్ళలో ఒకతె, ముందు పళ్ళు ఊడిన పక్కింటి పిల్ల, నన్ను పక్కకు లాగి, “యువర్ నాన్ ఈజ్ బార్మీ,” అంది. మీ బామ్మకు పిచ్చి అని.

“ఆవిడ ఒకప్పుడు రాణి,” అన్నాను.

“రాణీనా? మరి మీ దొడ్డి కూడా మా దొడ్డిలాగా పెరట్లోనే ఉందేం?”

ఆ మాట అనేసి గిన్నె మళ్ళీ నెత్తిన పెట్టుకుంది. ఆ పిల్ల గిన్నెలోంచి మాత్రం ఆ తర్వాత చుక్క ఒలకలేదు.

నాటకం రోజున నాయనమ్మగారు మొదటి వరుసలో కూర్చున్నారు. నేను బల్లెం కింద పెట్టాను. పియానో మొదలైంది, ఒక్క చరణం అయ్యేలోగా మేం వెళ్ళిపోవాలి. నెత్తిన లేని చెంబును ఉన్నట్టే మోస్తూ అడుగు వేశాను. వెనక అయిదుగురూ వేశారు. చరణం అయిపోయేసరికి నాలుగడుగులు కూడా కాలేదు. పియానో మళ్ళీ మొదటికొచ్చింది. తెర చాటునుంచి మా మిస్, “కమాన్, డార్లింగ్స్, క్విక్!” అంటూ చేతులు ఊపుతోంది. మా వెనక సైనికులు చీపురు గుర్రాల మీద ఏం చేయాలో తెలియక ఆగిపోయారు. ఒక గుర్రం అట్ట తల ఊడి దొర్లింది. కంచె పట్టుకున్న బుడ్డోడు నిలబడలేక దానిమీదే చతికిలబడ్డాడు. నాలుగో చరణానికి హాల్లో ఎవరో నవ్వారు, ఇంకెవరో చప్పట్లు కొట్టారు, చివరికి జనమంతా లేచి నిలబడ్డారు. మేమింకా నడుస్తుండగానే తెర పడింది. కంచె నాటలేదు, పాట పాడలేదు.

మిస్ ఎర్రబడ్డ మొహంతో వచ్చింది. “మీరు వెళ్ళిపోవాలి కదా!”

“వెళ్తూనే ఉన్నాం కదా మిస్!” అంది పక్కింటి పిల్ల. మిస్ పాపం నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు డబుల్ డెక్కర్ పై అంతస్తులో చిప్స్ తింటూ గొప్పలు మొదలుపెట్టాను. అది మన దివాణం నడక అనీ, మన రక్తంలో ఉందనీ. నాయనమ్మగారు కాస్సేపు విని, నవ్వుతూనే అన్నారు.

“రక్తమూ లేదు, ఏమీ లేదు బాబూ. నేను కోడలిగా వచ్చిన ఏడు మా మామగారు వేటకి అడవి కావాలని కొండవాలులో కొండజాతి సవరల ఊరొకటి ఖాళీ చేయించారు. మేడమీద నుంచి చూశాను. అందరికంటే వెనక ఒక ముసలావిడ, నెత్తిన నిండు కుండ. వెనకాల మన గుర్రాలు. రౌతులు అరుస్తున్నారు, ఆవిడ వినిపించుకోదే! గుర్రాలు కూడా ఆవిడతో పాటే అడుగులో అడుగేశాయి. మనం దివాణం వదిలిన రోజు నేను నడిచింది ఆ నడకే. మన ఇంట్లో అందరికీ నేర్పింది అదే.”

“నీళ్ళు ఒలికాయా?” అని మాత్రం అడగగలిగాను.

“చుక్క ఒలకలేదు,” అని నా చిప్స్‌లోంచి ఒకటి తీసుకున్నారు.

ఆ రోజు నాకు కాస్త చిన్నతనంగా అనిపించిన మాట నిజం. కానీ బస్సు దిగేసరికి చిత్రమైన సంతోషం కలిగింది. మా ఆస్తి అంతా పోయిందనుకున్నాం. మిగిలిన ఒక్కటీ అసలు మాది కాదు, మేం వెళ్ళగొట్టినవాళ్ళది. అందుకేనేమో అది పోలేదు. ఆ కొండలకు బదులుగా అమెరికా ప్రభుత్వం ఇస్తానన్న సొమ్మును సూ వాళ్ళు ఇప్పటికీ ముట్టుకోలేదని, కొండలే కావాలంటున్నారని పెద్దయ్యాక చదివినప్పుడు, మా నాటకంలో పడిన తెర గుర్తొచ్చి ఒక్కణ్ణే చప్పట్లు కొట్టాను.

ఇప్పుడు లండన్‌లో, హారోలో ఉంటున్నాను. మోకాళ్ళు అరిగాయి. “తాతా, హర్రీ అప్, బస్ వచ్చేస్తోంది,” అని మనవరాలు చెయ్యి లాగుతుంది. వంశం గొప్పలు నేను పూర్తిగా మానలేదు, అబద్ధమెందుకు. కానీ ఇంత నిటారుగా ఎలా నడుస్తావని ఆ పిల్ల అడిగితే, దివాణం సంగతి తర్వాత చెబుతాను. ముందు పేరు తెలియని ఆ ముసలావిడ గురించి, ఆవిడ వెనక అడుగులో అడుగేసిన గుర్రాల గురించి చెబుతాను. అది వింటూ ఆ పిల్ల తనకు తెలియకుండానే గడ్డం పైకెత్తి అడుగు నెమ్మది చేస్తుంది. అలా మేం ఎన్నో బస్సులు పోగొట్టుకున్నాం.